అంబాసిడర్ మార్క్ 2కి పీసీవీ వాల్వు కిట్: కొనాలా, వద్దా?

పీసీవీ అంటే ఇంజన్ లోపల పోగయ్యే పొగని రోడ్డు మీదికి వదలకుండా ఇంజనే తిరిగి పీల్చుకునేలా చేసే ఏర్పాటు. పాత పెట్రోల్ అంబాసిడర్‌ని ఇప్పటికీ ఊళ్లో, సిగ్నళ్ల మధ్య నడిపేవాళ్లు ఎవరైనా ఉంటే ఈ కిట్ కొనమనే చెబుతాను. బండిని షెడ్డులో పెట్టి పండక్కి మాత్రమే బయటికి తీసేవాళ్లకి అంత అవసరం లేదు. ఇంజన్‌లో రింగులు అరిగిపోయి పొగ కక్కుతున్నవాళ్లు మాత్రం దీని జోలికి పోవద్దు. ముందు బోరు పని (సిలిండర్లు, రింగులు బాగుచేయడం) చేయించుకుని తర్వాత దీని గురించి ఆలోచించండి. నేను కొన్నది బ్రిటన్ నుంచి తెప్పించిన స్మిత్స్ తరహా వాల్వు కిట్. ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లకి 1964 నుంచి కొన్నేళ్లపాటు వచ్చిన వాల్వుని చూసి ఇప్పుడు కొత్తగా తయారుచేస్తున్నది. తపాలా ఖర్చు, కస్టమ్స్ కలిపి దాదాపు 9,000 రూపాయలు అయింది.

మా బండి 1974 మోడల్ మార్క్ 2. నాన్నగారు నడిపిన బండి, ఇప్పుడు నేను నడుపుతున్నాను. ఇంజన్ 1489 సీసీ, అంటే బ్రిటిష్ కంపెనీ బీఎంసీ వాళ్ల బీ సిరీస్. ఎంజీబీలో ఉన్న 1798 సీసీ ఇంజన్ కూడా ఆ కుటుంబానిదే. అందుకే అక్కడి సామాను ఇక్కడ చాలావరకు పనికొస్తుంది.

అసలు బాధ ఏమిటో చెబితే ఈ వాల్వు ఎందుకో తెలుస్తుంది. ఎంత కొత్త ఇంజన్ అయినా పిస్టన్ రింగుల పక్క నుంచి కొంత గ్యాసు కిందికి, క్రాంక్‌కేస్‌లోకి, అంటే ఇంజన్ కింది గదిలోకి జారుతుంది. మన మెకానిక్‌లు బ్యాక్ కంప్రెషన్ అనేది దీన్నే. అందులో కాలిన పొగ, కాలని పెట్రోలు ఆవిరి, నీటి ఆవిరి మూడూ ఉంటాయి. ఒక లీటరు పెట్రోలు కాలితే ఇంచుమించు లీటరు నీళ్లు తయారవుతాయి. అందులో ఎక్కువ భాగం సైలెన్సర్ గుండా పోతుంది కానీ, కొంచెం కిందికి దిగి ఆయిల్లో కలుస్తుంది. వానాకాలంలో ఆయిల్ మూత తీస్తే లోపల తెల్లగా, మీగడలా పేరుకుని కనిపించేది అదే.

ఈ పొగని బయటికి పంపడానికి మా బండికి కంపెనీ పెట్టింది డ్రాఫ్ట్ ట్యూబు. ఇంజన్ పక్కన ఉండే ట్యాపెట్ కవర్ అనే మూత నుంచి కిందికి, రోడ్డు వైపుకి దిగే గొట్టం. బండి వేగంగా పోతున్నప్పుడు కింద వీచే గాలి ఆ గొట్టం మూతి దగ్గర పొగని లాగుతుంది. బండి గంటకి 40 కిలోమీటర్ల లోపు ఉంటే ఆ లాగుడు పెద్దగా ఉండదు. విజయవాడ ఏలూరు రోడ్డు మీద ఖాళీగా పోయేటప్పుడు బాగానే ఉంటుంది. బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్‌లో ఆగామంటే ఆ పొగ అంతా బానెట్ కింద చేరి, ఫ్లోరు సందుల్లోంచి లోపలికి వస్తుంది. మా అమ్మకి ఆ వాసనకి తలనొప్పి వచ్చేది. గుడికి వెళ్లి వచ్చాక పట్టుచీరకి కూడా ఆ మాడు ఆయిల్ వాసన పట్టేది. నేను ఈ పనికి పూనుకోవడానికి మొదటి కారణం అమ్మ.

రెండో కారణం ఆయిల్ కారడం. ఈ 1489 ఇంజన్‌లో క్రాంక్ షాఫ్ట్ వెనక చివర ఇప్పటి కార్లకి ఉన్నట్టు రబ్బరు సీలు ఉండదు. షాఫ్ట్ మీదే మరలాగా గాడి తీసి ఉంటుంది. షాఫ్ట్ తిరుగుతుంటే ఆ గాడి ఆయిల్‌ని మళ్లీ లోపలికి నెడుతుంది. ఇది మంచి ఏర్పాటే. కాకపోతే క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి బయటికంటే ఎక్కువైతే గాడి ఓడిపోతుంది. ఆయిల్ బెల్ హౌసింగ్‌లోకి (ఇంజన్ వెనక క్లచ్ ఉండే డబ్బా), అక్కడి నుంచి నేల మీదికి వస్తుంది. ఎక్కువైతే క్లచ్ ప్లేటుకి కూడా అంటుతుంది. అంబాసిడర్ అంటే ఆయిల్ కారాల్సిందే అని చాలామంది సరిపెట్టుకుంటారు. నాకు అది ఎప్పుడూ ఒప్పుదల కాలేదు. కారడానికి కారణం ఉంది కాబట్టి దాన్ని తీసెయ్యడానికి దారి కూడా ఉంటుంది.

ఆ దారి పేరే పీసీవీ. పొగని రోడ్డు మీదికి వదలకుండా, ఇంజన్ తనే పీల్చుకునేలా కార్బురేటర్ నుంచి సిలిండర్లకి గాలి, పెట్రోలు తీసుకెళ్లే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి కలపడం. అమెరికాలో కాలిఫోర్నియా కార్లకి 1961 మోడళ్ల నుంచి ఇది మొదలైంది. కార్ల కాలుష్యం తగ్గించడానికి వచ్చిన తొలి పరికరాల్లో ఇదొకటి. మా 1974 బండి మాత్రం ఆ పాత గొట్టంతోనే వచ్చింది.

ఇప్పుడు కిట్ సంగతి. పెట్టెలో వాల్వు, మానిఫోల్డ్‌కి బిగించే అడాప్టర్, హోస్ పైపు, క్లిప్పులు, ఫిల్టర్ ఉన్న ఆయిల్ మూత, ఒక కాగితం వచ్చాయి. వాల్వు తయారీ చాలా బాగుంది. అర చేతిలో పట్టే గుండ్రటి డబ్బా, పైన మూతని పట్టి ఉంచే తీగ క్లిప్పు. మూత తీస్తే లోపల రబ్బరు డయాఫ్రం, దాని మధ్యలో కిందికి దిగే సూది, అడుగున స్ప్రింగు. డయాఫ్రం పైవైపు బయటి గాలి తగులుతుంది, కిందివైపు క్రాంక్‌కేస్ గాలి. క్రాంక్‌కేస్‌లో వాక్యూమ్ ఎక్కువైతే డయాఫ్రం కిందికి దిగి మానిఫోల్డ్ దారిని ఇరుకు చేస్తుంది. లోపల పొగ పెరిగి ఒత్తిడి వస్తే స్ప్రింగు డయాఫ్రంని లేపి దారి తెరుస్తుంది. అంటే ఇంజన్ లోపల ఎప్పుడూ కొంచెమే వాక్యూమ్ ఉండేలా తనంతట తను సర్దుకుంటుంది. నాకు ఈ వాల్వులో బాగా నచ్చింది ఇదే. మామూలు పీసీవీ వాల్వులు మానిఫోల్డ్ వాక్యూమ్‌ని బట్టి నడుస్తాయి, ఇది క్రాంక్‌కేస్‌లో ఉన్న పరిస్థితిని బట్టి నడుస్తుంది.

హోస్ పైపు మాత్రం నాకు నచ్చలేదు. చూడ్డానికి రేడియేటర్ పైపులాంటి రబ్బరే. నీళ్ల పైపు రబ్బరుకి ఆయిల్ తగిలితే కొన్నాళ్లకి ఉబ్బి, మెత్తబడి, వాక్యూమ్‌కి లోపలికి అతుక్కుపోతుంది. పైపు మూసుకుపోతే మొత్తం పని వృథా. అది పక్కన పెట్టి, ఆటోనగర్‌లో ఆయిల్‌కి తట్టుకునే నైట్రైల్ హోస్ కొని వేయించాను. మీరూ కొనేటప్పుడు వాటర్ హోస్ వద్దు, ఆయిల్ హోస్ కావాలని గట్టిగా అడగండి.

కాగితం కూడా ఎంజీబీ వాళ్లని దృష్టిలో పెట్టుకుని రాసిందే. ఎంజీబీ మానిఫోల్డ్‌కి వాల్వు పెట్టే చోటు ముందే ఉంటుంది. మా దానికి లేదు. కాబట్టి మానిఫోల్డ్‌కి రంధ్రం వేసి మర తీయించాలి. రంధ్రం ఎక్కడ వెయ్యాలన్నది ఆ కాగితంలో లేదు, మన ఇంజన్ విషయంలో అది చాలా ముఖ్యం. బీ సిరీస్ హెడ్‌లో నాలుగు సిలిండర్లకి ఇన్‌టేక్ దారులు రెండే. ముందు రెండు సిలిండర్లకి ఒకటి, వెనక రెండింటికి ఒకటి. రంధ్రం ఏదో ఒక చివర వేస్తే ఆ వైపు రెండు సిలిండర్లకే ఈ పొగ, గాలి వెళ్తాయి. ఆ రెండిటి ప్లగ్గులు ఒక రంగులో, మిగతా రెండిటివి ఇంకో రంగులో వస్తాయి. స్లోలో, అంటే యాక్సిలరేటర్ నొక్కకుండా ఇంజన్ నడిచేటప్పుడు, బండి ఊగుతుంది. అందుకని సరిగ్గా మధ్యలో, కార్బురేటర్ కూర్చునే చోటికి దగ్గరగా వేయించాం.

బండితో వచ్చిన మానిఫోల్డ్‌ని నేను ముట్టుకోనివ్వలేదు. ఆటోనగర్‌లో పాత సామాను కొట్లో ఇంకో మానిఫోల్డ్ దొరికింది, దానికే రంధ్రం వేయించాను. 50 ఏళ్లు దాటిన బండ్లకి 2021లో కేంద్రం ప్రత్యేక వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. బాడీకి, ఛాసిస్‌కి, ఇంజన్‌కి పెద్ద మార్పులు ఉండకూడదని అందులో ఉంది. ఇది పెద్ద మార్పు కాదనే నా అభిప్రాయం. అయినా రేపు ఆ రిజిస్ట్రేషన్‌కి వెళ్లాలనుకుంటే అన్నీ విప్పి మళ్లీ పాత రూపానికి తేవచ్చు. డ్రాఫ్ట్ ట్యూబు కూడా కాగితం చుట్టి అటక మీద దాచాను. మానిఫోల్డ్‌కి రంధ్రం వేసేది ఇంజన్ మీద ఉండగా మాత్రం కాదు, విప్పి బయటికి తీశాకే. లోహపు పొట్టు ఒక్క రవ్వ లోపల పడినా సిలిండర్ గీరుకుపోతుంది. ఇంకో మాట, ఆ అడాప్టర్ మర అంగుళాల లెక్కది. లేత్ షాపులో మామూలుగా ఉండే మిల్లీమీటర్ల ట్యాపుతో తీస్తే బిగిసినట్టే బిగిసి గాలి లాగుతుంది. అడాప్టర్‌ని వెంట తీసుకెళ్లి, దాన్ని చూపించి మర తీయించండి.

అసలు పని అంతా ఒక ఎత్తు, గాలి లోపలికి వచ్చే దారి ఇంకో ఎత్తు. మా ఇంజన్‌లో పైన ఉండే మూత, అంటే రాకర్ కవర్ నుంచి ఎయిర్ క్లీనర్‌కి ఒక పైపు ఉంది. మా మేస్త్రి ముప్పై ఏళ్లుగా అంబాసిడర్లు చేస్తున్న మనిషి. ఆ పైపు ఉంచేద్దామన్నారు.

"ఇది కూడా ఉండనీండమ్మా, గాలి ఎంత ఆడితే అంత మంచిది కదా."

"ఈ వాల్వుకి అలా కుదరదు మేస్త్రి గారూ. అంత పెద్ద దారి తెరిచి ఉంటే లోపల వాక్యూమే నిలవదు. ఇది ఎప్పుడూ తెరుచుకునే ఉంటుంది" అన్నాను.

ఆయన వాల్వు మూత తీసి, డయాఫ్రంని వేలితో నొక్కి వదిలి, కాసేపు చూసి, "అయితే పైన మూసి, మూతలోంచే పీల్చుకోమంటారా" అన్నారు. సరిగ్గా అదే. కిట్‌లో వచ్చిన ఆయిల్ మూతలో చిన్న రంధ్రం, దాని వెనక ఫిల్టర్ ఉన్నాయి. శుభ్రమైన గాలి ఆ ఒక్క చిన్న దారిలోంచే రావాలి. రాకర్ కవర్ పైపుని తీసేసి ఆ మూతిని మూయించాం. డిప్‌స్టిక్ దగ్గర సీలు, రాకర్ కవర్ ప్యాకింగ్, పక్కనున్న రెండు ట్యాపెట్ కవర్ల ప్యాకింగులు కొత్తవి వేయించాం. వీటిలో ఎక్కడ సందున్నా ఇంజన్ అక్కడి నుంచి వడకట్టని గాలిని లాగుతుంది. మన ఊళ్ల దుమ్ము ఆయిల్లోకి పోతే బేరింగులు ఎన్నాళ్లు ఉంటాయి? అలాగని దారి పూర్తిగా మూసేసినా తప్పే. లోపల వాక్యూమ్ ఎక్కువై, సీళ్ల దగ్గర ఈలలాంటి శబ్దం వస్తుంది. ఇంత ముఖ్యమైన విషయం కిట్ కాగితంలో ఒక్క ముక్క కూడా లేదు. అమ్మేవాళ్లు అన్నిటికన్నా ముందు రాయాల్సింది ఇదే.

వాల్వుకి వెళ్లే పొగతో ఆయిల్ తుంపర్లు కూడా వస్తాయి. ఎంజీబీలో ముందు ట్యాపెట్ కవర్‌కే ఒక డబ్బా అంటించి ఉంటుంది, దాంట్లో లోహపు జాలీ తుంపర్లని ఆపి కిందికి జారుస్తుంది. కిట్‌లో అది లేదు. మేస్త్రి గారు చిన్న స్టీలు డబ్బా చేయించి, లోపల జాలీ పెట్టి, ట్యాపెట్ కవర్ గొట్టానికి, వాల్వుకి మధ్యలో నిలువుగా బిగించారు. పైపు ఎక్కడా కిందికి వేలాడకుండా, డబ్బా వైపు వాలుగా ఉండాలి. పల్లం ఉన్నచోట నీళ్లు, ఆయిల్ చేరి దారి మూసుకుంటుంది.

బిగించాక బండి స్టార్ట్ చేస్తే స్లో కొంచెం పెరిగింది, కాస్త వణికింది కూడా. అది మామూలే. మానిఫోల్డ్‌లోకి అదనంగా గాలి వస్తోంది కాబట్టి మిక్స్చర్ పలచన అవుతుంది. మా కార్బురేటర్ ఎస్‌యూ రకం. ఇంజన్ బాగా వేడెక్కనిచ్చి, కింద ఉన్న జెట్ నట్టుని ఒక్కో పలక చొప్పున కిందికి తిప్పి చూడాలి. పక్కనున్న చిన్న పిన్నుతో కార్బురేటర్ లోపలి పిస్టన్‌ని కొద్దిగా లేపితే ఇంజన్ వేగం ఒక్కసారి పెరిగి మళ్లీ సర్దుకోవాలి. పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువ, ఇంజన్ ఆగిపోబోతే తక్కువ. ఈ పని తొందరపడకుండా చేసే మేస్త్రి దొరకడం అదృష్టం, మాకు దొరికారు.

వాల్వు పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి పాత ఎంజీబీ మాన్యువల్ చెప్పే పద్ధతి సులువైనది. ఇంజన్ వేడిగా, స్లోలో ఉండగా ఆయిల్ మూత తియ్యాలి. వాల్వు బాగుంటే ఇంజన్ వేగం నిమిషానికి ఓ 200 చుట్ల దాకా పెరుగుతుంది. మాది అలాగే పెరిగింది, మూత పెట్టగానే మళ్లీ దిగింది. నేను ఇంకో పరీక్ష కూడా పెట్టాను. పారదర్శకమైన సన్నని ట్యూబుని యూ ఆకారంలో వంచి, సగం వరకు నీళ్లు పోసి, ఒక చివర డిప్‌స్టిక్ రంధ్రానికి బిగుతుగా తగిలించాను. కిట్ వేయకముందు ఇంజన్ రేజ్ చేస్తే నీళ్లు బయటివైపుకి అంగుళం దాకా లేచేవి. ఇప్పుడు స్లోలో రెండు మూడు అంగుళాలు ఇంజన్ వైపుకి లాగుతున్నాయి, రేజ్ చేసినా బయటికి పోవు. ఈ పరీక్షకి ఖర్చు లేదు. మీ ఇంజన్‌లో ఒత్తిడి ఎంతుందో కిట్ కొనకముందే తెలిసిపోతుంది.

కొనకముందు అన్నాను కాబట్టి ఒక హెచ్చరిక. గేజీ పెట్టి సిలిండర్లలో కంప్రెషన్ (ఒత్తిడి) పొడిగా ఒకసారి, ప్రతి సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి ఇంకోసారి చూడండి. ఆయిల్ పోశాక బాగా పెరిగితే రింగులు అయిపోయినట్టే. అలాంటి ఇంజన్‌కి ఈ వాల్వు పెడితే కింద పోగయ్యే ఆయిల్ పొగనంతా సిలిండర్లలోకి లాగి, ప్లగ్గులు నల్లబడి, వెనక నీలం పొగ వస్తుంది. అప్పుడు వాల్వుని తిట్టి లాభం లేదు. మా ఇంజన్‌కి ఇంతకు ముందే బోరు పని అయింది, అందుకే ఫలితం బాగా వచ్చింది.

ఫలితం ఏమిటంటే, సిగ్నల్ దగ్గర వాసన పూర్తిగా పోయింది. అమ్మ ఇప్పుడు కిటికీ అద్దం ఎత్తుకుని కూర్చుంటోంది. బెల్ హౌసింగ్ కింద చుక్కలు బాగా తగ్గాయి. ఎప్పుడైనా ఒకటీ అరా కనిపిస్తుంది కానీ, ముందులా మడుగు కట్టదు. ఆయిల్ మూత కింద మీగడ లేదు, వానల్లో కూడా చూశాను. ఆయిల్ రంగు నెమ్మదిగా మారుతోంది. మైలేజీలో తేడా లేదు, పికప్‌లో తేడా లేదు. ఆ రెండిటి కోసం కొనేవాళ్లుంటే కొనొద్దు.

మారుతీ 800 పీసీవీ వాల్వు వేసుకోవచ్చు కదా, చవకగా వస్తుంది అని కొట్లో సలహా ఇచ్చారు. అది 796 సీసీ ఇంజన్‌కి కొలిచి చేసిన వాల్వు. దాని స్ప్రింగు, దారి ఆ చిన్న ఇంజన్ లెక్కవి. పొగ రోడ్డు మీదికి పోకుండా ఆపుతుందేమో కానీ, 1489 సీసీ ఇంజన్‌కి అది సరైన కొలత కాదు. బ్రీదర్ పైపుకి చిన్న ఫిల్టర్ తగిలించి వదిలేసేవాళ్లూ ఉన్నారు. దానితో పొగ వచ్చే చోటు మారుతుంది అంతే, వాసన బానెట్ కిందే ఉంటుంది.

నాకు మిగిలిన టెన్షన్ డయాఫ్రం గురించే. అది చిరిగితే మానిఫోల్డ్‌లోకి పెద్ద గాలి లీకు అవుతుంది. స్లో ఒక్కసారిగా పెరిగిపోతుంది, దిగదు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఈ రబ్బరుకి పెట్రోలు ఆవిరి ఎప్పుడూ తగులుతూనే ఉంటుంది. ఆయిల్ మార్చిన ప్రతిసారీ తీగ క్లిప్పు తీసి లోపల చూస్తున్నాను. లోహపు భాగాలని పెట్రోలుతో కడగొచ్చు, గరుకు కాగితం పెట్టకూడదు. డయాఫ్రంకి మాత్రం పెట్రోలు తగలనివ్వకుండా సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. తీగ క్లిప్పు బాగా బిగుసుగా ఉంటుంది, తీసేటప్పుడు ఎగిరిపోకుండా మీద గుడ్డ వేసి పట్టుకోండి. కిట్ తెప్పించేటప్పుడే డయాఫ్రం ఒకటి అదనంగా తెప్పించుకోండి. అది ఆటోనగర్‌లో ఏ కొట్లోనూ దొరకలేదు, విడిగా తెప్పిస్తే తపాలా ఖర్చే దాని ధరని మించిపోతుంది.